పాత పికప్పు రేడియేటర్‌కు కరెంటు ఫ్యాన్లు బిగించుకున్నాం: ఏది పనిచేసింది, ఏది కాలింది (వీడియోతో)

ఈసారి వీడియో జీవామృతం గురించి కాదు, కషాయాల గురించీ కాదు. బండి గురించి. "సేద్యం వీడియోల్లో మెకానిక్ పని ఏంది అన్నా" అని కొందరు అనుకోవచ్చు. ప్రకృతి సేద్యంలో పండించింది మామూలు మండీలో పోస్తే మామూలు రేటే వస్తుంది. మన సరుకు మనమే తీసుకుపోయి మనమే అమ్ముకోవాల. దానికి బండి కావాల. మా గుంపులో పదకొండు మంది రైతులకు కలిపి ఉండేది ఒక్కటే పికప్పు. అది ఒకరోజు నిలబడిపోతే పదకొండు ఇళ్ల కూరగాయలు వాడిపోతాయి. అందుకని ఇది కూడా సేద్యం వీడియోనే అనుకోండి.

మాది చాగలమర్రి పక్క పల్లె. పాత కర్నూలు జిల్లా చివర, కడప జిల్లా మొదలు. ఇప్పుడు నంద్యాల జిల్లా అంటున్నారు. కర్నూలు రైతుబజారుకైనా, కడపకైనా ఎన్‌హెచ్ 40 మీద పోవడమే. బండి రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, టర్బో లేదు, ఏసీ లేదు. పదిహేనేళ్లు దాటింది. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు బండిది కాదు, మాది.

పోయిన మే నెలలో జరిగింది చెప్తాను. తొలకరికి ముందు నవధాన్యాలు చల్లుకునే రోజులు. రాయచోటి పక్క మాకు తెలిసిన రైతులకు విత్తనాలు, ఘనజీవామృతం మూటలు వేసుకుని బయల్దేరినాం. టన్ను పైనే ఉంటుంది బరువు. కడపలో టిఫిన్ తిని, ఒకాయనతో మాటల్లో పడి, గువ్వలచెరువు ఘాట్ మొదలయ్యేసరికి పన్నెండు దాటింది. ఎండ 43 డిగ్రీలు. ముందర రెండు లారీలు నత్తల మాదిరి ఎక్కుతున్నాయి. మేము రెండో గేరులో వాటి వెనకాల. సగం ఘాట్ కూడా ఎక్కకముందే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

పక్కకు తీసి ఆపినాం. మా అక్క కొడుకు బానెట్ ఎత్తి, తువ్వాలు మడతపెట్టి రేడియేటర్ మూత మీద చెయ్యి వేసినాడు. "నీళ్లు పోస్తా మామా" అంటూ. నేను ఇవతల నుంచి అరిచి వాడి చెయ్యి లాగినాను. ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఎందుకు లాగినానో చెప్తాను, ఇది తెలియని వాళ్లు మన పల్లెల్లో చాలామంది ఉన్నారు. రేడియేటర్ మూత ఉత్త మూత కాదు. లోపల ప్రెషర్ పట్టి ఉంచుతుంది. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మసులుతాయి. మూత పట్టి ఉంచే ప్రెషర్ వల్ల లోపలి నీళ్లు 115 దాకా పోయినా మసలకుండా ఉంటాయి. మూత తిప్పిన మరుక్షణం ఆ ప్రెషర్ పోతుంది. 110 డిగ్రీల నీళ్లు ఒక్కసారిగా ఆవిరై, మిగతా నీళ్లను ఎగజిమ్ముతాయి. తువ్వాలు ఏమీ ఆపదు. ముఖం, మెడ, రొమ్ము కాలిపోతాయి. అరగంట, ముప్పావుగంట ఆగాల. పై హోసు పిండితే మెత్తగా, చేత్తో పట్టుకునేంత చల్లగా ఉన్నప్పుడే మూత ముట్టుకోవాల.

గంట సేపు చెట్టు నీడన కూర్చున్నాం. తర్వాత నీళ్లు పోసి, మెల్లగా ఎక్కి, పైన గువ్వలచెరువులో పాలకోవా తిని, రాయచోటి చేరేసరికి సాయంత్రం అయింది. విత్తనాలకు ఏం కాలేదు. మళ్లీ ఆ దారిలో పోవాలంటేనే భయం పట్టుకుంది.

అసలు రోగం ఏది?

మా పక్క మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకుపోయినాము. ఆయన ఫ్యాన్ చేత్తో తిప్పినాడు. ఇంజను వేడిగా ఉండగానే గిరగిరా నాలుగు చుట్లు తిరిగింది. "కప్లింగ్ పోయింది అన్నా" అన్నాడు.

పాత డీజిల్ బండ్లలో ఫ్యాన్ వాటర్ పంపు ముందర బిగించి ఉంటుంది, బెల్టుతో తిరుగుతుంది. కొన్నిటిలో నేరుగా బోల్టులు వేసి ఉంటారు, ఇంజను ఎంత తిరిగితే ఫ్యాన్ కూడా దానికి తగ్గట్టు తిరగాల్సిందే. కొన్నిటిలో మధ్యన ఒక గుండ్రటి కప్లింగ్ ఉంటుంది, దాంట్లో చిక్కటి సిలికాన్ నూనె. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే కప్లింగ్ ముందున్న స్ప్రింగు కదిలి లోపల నూనెను పనిలోకి వదులుతుంది, ఫ్యాన్ గట్టిగా పట్టుకుంటుంది. చల్లగా ఉంటే జారుతుంది. మా దాంట్లో నూనె ఎప్పుడో కారిపోయింది. ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనపడుతుంది, గాలి మాత్రం లాగదు. వేడి ఇంజను ఆపి చేత్తో తిప్పి చూడండి. కొంచెం బిగువుగా ఉండాల. బొంగరం మాదిరి తిరిగితే కప్లింగ్ చచ్చినట్టు.

అయితే భాయ్ అక్కడితో ఆగలేదు. టార్చి వేసి రేడియేటర్ రేకుల సందులు చూపించినాడు. కొర్ర పొట్టు, పత్తి దూది, బుడ్డల ఆకు పొడి, మట్టి, అన్నీ కలిసి పిడక మాదిరి అతుక్కుని ఉన్నాయి. కల్లాల మధ్య తిరిగే బండికి ఇది తప్పదు. ముందర జాలీ బాగానే కనపడుతుంది, లోపలి సందులే మూసుకుపోతాయి. నీళ్లు ఇంజను పక్క నుంచి ముందుకు కొట్టాల, చెత్త వచ్చిన దారినే బయటికి పోవాల. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే రేకులు వంగిపోతాయి. మామూలు పైపుతో, ఓపికతో. మాకు గంటన్నర పట్టింది. వీడియో మొదట్లో ఆ బురద కారడం చూడండి, మాకే సిగ్గు వేసింది.

మూడోది ఇంకా పెద్ద తప్పు. ఏళ్ల తరబడి దాంట్లో మేము బోరు నీళ్లు పోస్తున్నాం. మన పక్క బోరు నీళ్లు ఎట్లా ఉంటాయో మీకు చెప్పాలా, కొత్త బిందె ఆరు నెలలకు తెల్లగా పొరకడుతుంది. అదే సున్నం రేడియేటర్ గొట్టాల లోపల కడుతుంది. రాగి వేడిని ఎంత బాగా దాటిస్తుందో, సున్నం పొర అంత బాగా అడ్డుపడుతుంది, వందల రెట్లు తేడా. మాది పాతకాలం రాగి, ఇత్తడి రేడియేటర్ కాబట్టి రేడియేటర్ షాపులో పై తొట్టి విప్పించి, గొట్టాల్లో సన్న కమ్మీలు దోపి శుభ్రం చేయించినాం. అల్యూమినియం రేడియేటర్ అయితే ఇట్లా కుదరదు, మార్చుకోవడమే.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. కరెంటు ఫ్యాన్ పెడితే బండి కాగదు అని చాలా వీడియోలు ఉన్నాయి. రేడియేటర్ మూసుకుపోయి ఉంటే ఏ ఫ్యాన్ పెట్టినా దండగే. మాకు శుభ్రం చేయించడంతోనే సగం రోగం పోయింది. మీ బండి కాగుతుంటే ముందు ఈ పని చేయండి. చాలామందికి అక్కడే అయిపోతుంది, ఈ వ్యాసం మిగతాది చదవాల్సిన పని ఉండదు.

మరి కరెంటు ఫ్యాన్ ఎందుకు?

కొత్త కప్లింగ్ వేయించొచ్చు. మా బండికి సరిపోయేది దొరకలేదు, దొరికింది డూప్లికేటు. నేరుగా బోల్టు వేసే ఫ్యాన్ పెట్టుకోమన్నాడు భాయ్. అదీ మంచిదే. కానీ మా బండి పని చూడండి. ఒక్కో తోట దగ్గర ఇంజను ఆన్‌లోనే ఉంచి డ్రమ్ములు దించుతాం. డ్రమ్ముకు 200 లీటర్ల జీవామృతం, పొలం గట్టున బండి చీమ నడక నడుస్తుంటే వెనక చిన్న మోటారు పంపుతో పాదుల్లో పోసుకుంటూ పోతాం. అప్పుడు ఇంజను తిరిగేది నిమిషానికి ఎనిమిది వందలో తొమ్మిది వందలో చుట్లు. బెల్టు ఫ్యాన్ కూడా నిదానంగానే తిరుగుతుంది, ఎదురుగాలి ఉండదు. ఎండ నెత్తి మీద. కరెంటు ఫ్యాన్‌కు ఇంజను స్పీడుతో పని లేదు, నిలబడి ఉన్నా పూర్తి స్పీడు తిరుగుతుంది.

ఇంకోటి కూడా ఉంది. వానాకాలం వంక దాటేటప్పుడు బెల్టు ఫ్యాన్ నీళ్లను చిలికి ఇంజను మీద పోస్తుంది, ఒక్కోసారి రెక్క వంగి రేడియేటర్‌కు తగులుతుంది. కరెంటు ఫ్యాన్ అయితే దాటేదాకా ఆపుకోవచ్చు.

మైలేజీ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఫ్యాన్ స్పీడు రెట్టింపు అయితే గాలి రెట్టింపు వస్తుంది, కానీ దానికి పట్టే శక్తి ఎనిమిది రెట్లు. నేరుగా బిగించిన ఫ్యాన్, ఇంజను మూడు వేల చుట్లు తిరిగేటప్పుడు రెండు మూడు హార్స్‌పవర్ దాకా మింగుతుంది, అవసరం ఉన్నా లేకపోయినా. హైవే మీద 50 కిలోమీటర్ల స్పీడు దాటినాక ఎదురుగాలే చాలు, అప్పుడు ఆ ఫ్యాన్ ఉత్త భారం. ఆ మేరకు కరెంటు ఫ్యాన్ డీజిల్ మిగులుస్తుంది. మాకు తేడా కనపడింది, కానీ లీటరుకు అరకిలోమీటరు కూడా లేదు. డీజిల్ కోసమని ఈ పనికి దిగొద్దు.

ఇప్పుడు దీనికి ఇంకో పక్క. దీన్ని ఎవరూ చెప్పరు. 12 వోల్టుల్లో 20 ఆంపియర్లు తీసుకునే ఫ్యాన్ల జోడి అంటే 240 వాట్లు, హార్స్‌పవర్‌లో మూడో వంతు. బెల్టు ఫ్యాన్ రెండు హార్స్‌పవర్ పెట్టి లాగే గాలిని ఇది మూడో వంతు హార్స్‌పవర్‌తో లాగలేదు. ఘాట్లో రెండో గేరులో, ఇంజను మూడు వేలు తిరుగుతూ, బండి నిదానంగా పోయేటప్పుడు బెల్టు ఫ్యాన్ దాని బలమంతా చూపిస్తుంది. కరెంటు ఫ్యాన్‌కు అదే అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. అంటే మా బండి ఏ చోట కాగిందో సరిగ్గా ఆ చోటనే కరెంటు ఫ్యాన్ బలహీనం. ఇది తెలుసుకోకుండా మొదటిసారి బిగించి దెబ్బతిన్నాం.

ఎంత గాలి కావాల

లెక్క కాగితం మీద వేసుకున్నాం, వీడియోలో పలక మీద రాసి చూపించినాను. డీజిల్ కాలితే వచ్చే వేడిలో సుమారు మూడో వంతు పనికి వస్తుంది, మూడో వంతు పొగగొట్టంలో పోతుంది, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం నీళ్లలోకి వస్తుంది. ఘాట్లో ఇంజను 40 హార్స్‌పవర్ ఇస్తోంది అనుకుంటే అది 30 కిలోవాట్లు. నీళ్లలోకి వచ్చే వేడి 25 కిలోవాట్లు అనుకుందాం. ఇంట్లో నీళ్లు కాచే రాడ్లు ఇరవైకి పైగా ఒక్కసారే పెట్టినంత వేడి అది.

బయట 30 డిగ్రీలున్న రోజు గాలి రేడియేటర్ దాటేసరికి 75 డిగ్రీలకు ఎక్కుతుంది అనుకుంటే, ప్రతి కిలో గాలి 45 డిగ్రీల మేర వేడి మోసుకుపోతుంది. అప్పుడు నిమిషానికి సుమారు వెయ్యి ఘనపుటడుగుల గాలి చాలు. అదే మన మే నెలలో, బయటే 43 ఉన్నప్పుడు, అదే గాలి మోసేది 32 డిగ్రీలే. కావాల్సిన గాలి సుమారు 1500 అవుతుంది. బెంగళూరులో చాలిన ఫ్యాన్ కడపలో చాలదు అనడానికి ఇదే కారణం. పైగా ఫ్యాన్ డబ్బా మీద రాసే సీఎఫ్ఎం అంకె ఖాళీ గాలిలో కొలిచింది. రేడియేటర్ రేకుల వెనక పెడితే దాంట్లో చాలా తగ్గుతుంది. రెండు ఫ్యాన్లూ కలిపి డబ్బా మీద 3000 లాంటి అంకె ఉంటే గానీ మన ఎండకు చాలదని నా లెక్క.

మొదటిసారి చేసిన తప్పులు

పాత సామాన్ల అంగట్లో ఒక చిన్న కారు ఫ్యాన్ తెచ్చినాం. ఒక్కటే. ఇంట్లో ఉన్న 1 స్క్వేర్ ఎంఎం వైరు వాడినాం. రిలే పెట్టలేదు, డ్యాష్‌బోర్డు కింద ఒక టక్కు స్విచ్ పెట్టి నేరుగా లాగినాం. పల్లెలో పది పదిహేను రోజులు బాగానే నడిచింది. మా ఇంటామె కూడా మెచ్చుకుంది, శబ్దం తగ్గిందని.

తర్వాత ఒక సాయంత్రం బుడ్డల కట్టె వేసుకుని వస్తున్నాం. ఆవుల మేతకని. ఎండి గలగలలాడుతోంది, క్యాబిన్ కన్నా ఎత్తుగా వేసినాం. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. చేయి పెట్టి చూస్తే స్విచ్ కరిగి వేలికి అతుక్కుంది. బండి ఆపి బ్యాటరీ కొస పీకేసరికి కాళ్లు వణికినాయి. వెనక ఎండుకట్టె, ముందర కాలుతున్న వైరు. పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో నేను రాయను.

తప్పు లెక్క తర్వాత చూసుకున్నాం. బ్యాటరీ నుంచి స్విచ్, స్విచ్ నుంచి ఫ్యాన్, తిరిగి బాడీకి, వైరు మొత్తం 8 మీటర్లు. ఫ్యాన్ 15 ఆంపియర్లు లాగుతుంది. ఆ సన్న వైరులో 2 వోల్టులు దారిలోనే పోతాయి, అంటే 30 వాట్ల వేడి వైరులోనే. చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. వైరు పొడవునా పంచుకుంటే వెచ్చగా మాత్రమే ఉంటుంది. కానీ స్విచ్ లోపలి కాంటాక్టు వదులైతే అక్కడ వేడి కుప్పపడుతుంది. ఆ స్విచ్ అన్ని ఆంపియర్లకు చేసింది కూడా కాదు. ఇంకా దరిద్రం ఏందంటే ఫ్యూజు పెట్టలేదు. ఒక రూపాయి ఆదా చేసినాం అని కాదు, గుర్తే రాలేదు.

ఇంకో తప్పు, స్విచ్ చేత్తో వేయాల. మా అక్క కొడుకు ఒకరోజు వేయడం మరిచిపోయి ముల్లు ఎర్రగీత దగ్గరికి తెచ్చినాడు. మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన ఫ్యాన్ ఫ్యాన్ కాదు.

రెండోసారి ఎట్లా బిగించినాం

ఈసారి కర్నూలులో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని చేయించినాం. నేను పక్కనే ఉండి ప్రతిదీ వీడియో తీసినాను.

12 అంగుళాల ఫ్యాన్లు రెండు, కొత్తవి, ఒక్కోటి పది ఆంపియర్ల లోపు తీసుకునేవి. రేడియేటర్ వెనక, ఇంజను పక్కన పెట్టినాం, గాలిని లాగేట్టు. ముందర పెట్టి నెట్టే పద్ధతి కూడా ఉంది, కానీ ముందర పెడితే హైవే మీద ఎదురుగాలికి ఫ్యాన్లే అడ్డం. ఫ్యాన్ల చుట్టూ రేకుతో పెట్టె మాదిరి కట్టించినాం, రేడియేటర్ అంచుల దాకా మూసేట్టు. దీన్ని ష్రౌడ్ అంటారు. ఇది లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి చోట మాత్రమే గాలి లాగుతుంది, మూలల్లో వేడి అట్లాగే ఉంటుంది. ఈ మొత్తం పనిలో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చింది ఈ రేకు పెట్టే అని నా అభిప్రాయం. దాంట్లో నాలుగు చోట్ల రబ్బరు రెక్కలు పెట్టినాం, స్పీడులో పోయేటప్పుడు ఎదురుగాలికి అవి తెరుచుకుంటాయి.

ఫ్యాన్‌తో పాటు ప్లాస్టిక్ పుల్లలు ఇస్తారు, రేడియేటర్ రేకుల్లోంచి దూర్చి బిగించమని. వాడొద్దు. మన రోడ్ల కుదుపుకు అవి గొట్టాలను రాసి రాసి చిల్లు పెడతాయి. యాంగిల్ ముక్కలు కోయించి రేడియేటర్ ఫ్రేముకు బోల్టు వేయించండి.

పాత ఫ్యాన్ తీసేటప్పుడు ఒక చిన్న విషయం. ఫ్యాన్ బోల్టులు పొడుగ్గా ఉంటాయి, ఫ్యాన్ మందం కూడా కలిపి. ఫ్యాన్ తీసేసి అవే బోల్టులు మళ్లీ వాటర్ పంపు పుల్లీకి వేస్తే లోపల పోయి పంపు బాడీకి తగులుతాయి. పొట్టి బోల్టులు వేయాల. బెల్టు మాత్రం ఉండాల్సిందే, పంపునూ ఆల్టర్నేటర్‌నూ తిప్పేది అదే.

ఫ్యాన్ ఎటు తిరుగుతోందో చూసుకోండి. ప్లస్సు మైనస్సు మారితే వెనక్కి తిరుగుతుంది, గాలి వస్తున్నట్టే ఉంటుంది కానీ ఎదురుగాలితో కొట్లాడుతుంది. రేడియేటర్ ముందర ఒక కాగితం పెడితే జాలీకి అతుక్కోవాల. ఎగిరిపోతే తీగలు మార్చండి.

వైరింగ్‌లో ఒక్కో ఫ్యాన్‌కు వేరే రిలే, 40 ఆంపియర్లది. ఒక్కోదానికి వేరే ఫ్యూజు, 20 ఆంపియర్లది, బ్యాటరీకి జానెడు దూరంలోనే. మొదలయ్యేటప్పుడు ఫ్యాన్ రెండు మూడు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి పదికి పది ఫ్యూజు పెడితే ఊరికే కొట్టేస్తుంది. బ్యాటరీ నుంచి రిలేల దాకా 6 స్క్వేర్ ఎంఎం, అక్కడి నుంచి ఒక్కో ఫ్యాన్‌కు 2.5. ఎర్తు తీగ కూడా అంతే లావు ఉండాల. చాలామంది ప్లస్సు లావుగా వేసి ఎర్తు సన్నగా వేస్తారు, పోయే కరెంటు ఎంతో వచ్చేదీ అంతే. తుప్పు గీకి, బేర్ ఇనుము కనపడేట్టు చేసి బోల్టు వేయించినాం.

ఫ్యాన్లు వాటంతట అవే ఆన్ అయ్యేందుకు వేడి స్విచ్. పై హోసు కోసి మధ్యలో ఒక అల్యూమినియం ముక్క వేసి దానికి స్విచ్ బిగించినాం. 92 డిగ్రీలకు ఒక ఫ్యాన్, 97కు రెండోది. ఈ అంకె ఇష్టం వచ్చినట్టు ఎంచుకోకూడదు. ఇంజను లోపల థర్మోస్టాట్ 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. స్విచ్ అంతకన్నా తక్కువది పెడితే ఫ్యాన్ రోజంతా తిరుగుతూనే ఉంటుంది. ఇవి కాక డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న స్విచ్, వేడి స్విచ్ చచ్చిపోతే రెండు ఫ్యాన్లూ చేత్తో వేసుకునేందుకు. ఈసారి ఆ స్విచ్ గుండా పోయేది రిలేను కదిలించే కాస్త కరెంటే. ఫ్యాన్ నడుస్తుంటే వెలిగే చిన్న దీపం, ముల్లు ఎర్రగీతకు రాకముందే అరిచే బజర్ కూడా పెట్టించినాం. బెల్టు ఫ్యాన్ ఆగితే బెల్టు తెగిన శబ్దం వస్తుంది. కరెంటు ఫ్యాన్ ఆగితే ఏ శబ్దమూ రాదు, అదే దీని ప్రమాదం.

ఆల్టర్నేటర్ సంగతి చివరన తెలిసింది, ముందు చూసుకోవాల్సింది. మా పాతది 45 ఆంపియర్లది. రాత్రి వానలో ఫ్యాన్లు 20, హెడ్‌లైట్లు వెనక దీపాలు కలిపి 11, వైపర్ 4, బ్యాటరీ చార్జింగు, పొలంలో పంపు మోటారు 6. ఎక్కడ సరిపోతుంది? పైగా రాసిన అంకె గట్టిగా తిరిగినప్పుడు వచ్చేది, నిలబడి ఉన్నప్పుడు సగం కూడా రాదు. 75 ఆంపియర్లది మార్పించినాం. పొలంలో పంపు నడిపేటప్పుడు యాక్సిలరేటర్ కొంచెం పెంచి ఉంచుతాం.

ఖర్చు అడుగుతారు. ఫ్యాన్లు, రిలేలు, స్విచ్, వైరు, రేకు పని, కూలీ కలిపి మాకు పదకొండు వేలు దాటింది, ఆల్టర్నేటర్ కాక. మొదటిసారి తగలేసింది వేరే.

మళ్లీ అదే ఘాట్

రేకు పెట్టె కట్టినాక వారానికి అదే గువ్వలచెరువు ఘాట్‌కు పోయినాం. బరువు కూడా టన్ను, కావాలనే మధ్యాహ్నం. నేను నడుపుతుంటే మా అక్క కొడుకు ముల్లు మీద కెమెరా పట్టినాడు, వీడియోలో ఆ ఎక్కడం మొత్తం కోత లేకుండా ఉంచినాను. మొదటి మలుపు దాటగానే ఒక ఫ్యాన్, సగంలో రెండోది. ముల్లు ముప్పావు దాకా పోయి అక్కడ నిలబడింది. ఎర్రగీతకు పోలేదు. బజర్ మోగలేదు. కానీ దిగలేదు కూడా, పైకి చేరేదాకా ముప్పావులోనే ఉంది. ఇంకో రెండు మూటలు ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. అందుకని ఇప్పటికీ వేసవిలో బరువుతో ఘాట్ ఎక్కాల్సి ఉంటే తెల్లవారక ముందే బయల్దేరుతాం, ఎనిమిది లోపల దాటేస్తాం.

రోజూ ఘాట్ ఎక్కే బండి అయితే, నిండా బరువేసే బండి అయితే, నా మాట విని మంచి కప్లింగ్‌తో బెల్టు ఫ్యానే ఉంచుకోండి. మాలాగా పొలాల్లో నిలబడి, నిదానంగా నడిచి, మిగతా రోజు హైవే మీద పోయే బండికి ఇది బాగుంది.

కూలెంట్, ఆవులు

ఇది బండి విషయం కన్నా పెద్దది, మరిచిపోకుండా చదవండి. బోరు నీళ్లు మానేసి ఇప్పుడు సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నాం. తుప్పు పట్టదు, సున్నం కట్టదు. కానీ ఆ పచ్చ నీళ్లలో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, విషం. తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు, దూడలు రుచి మరిగి నాకుతాయి, మూత్రపిండాలు దెబ్బతిని చచ్చిపోతాయి. మొదటిసారి రేడియేటర్ ఖాళీ చేసినప్పుడు భాయ్ బకెట్టు పెట్టబోతే మా ఆవుల కుడితి తొట్టి పక్కనే పెట్టినాడు. ఆయనకు తెలియదు, నేను చూసి జరిపినాను. మన ఇళ్లల్లో దేశీ ఆవు లేకపోతే జీవామృతమే లేదు. కొట్టం పక్కన ఈ పని చేయొద్దు. కారిన చోట వెంటనే నీళ్లు కొట్టి, మట్టి వేసి, ఆ మట్టి ఎత్తేయండి. పాత కూలెంట్ మూతున్న డబ్బాలో పోసి, పిల్లలకు అందని చోట పెట్టి, వర్క్‌షాపుకు ఇచ్చేయండి. పొలంలోనూ, వంకలోనూ పోయొద్దు. జీవామృతం కలిపే డ్రమ్ము, దాని బకెట్టు ఈ పనికి పొరపాటున కూడా వాడొద్దు.

ఫ్యాన్లు బిగించి ఇప్పటికి ఏడాది కావస్తోంది. మధ్యలో ఒక ఫ్యాన్ బేరింగు దుమ్ముకు అరవడం మొదలుపెట్టింది, మార్పించినాం. నెలకోసారి రిలేల మీద చెయ్యి పెట్టి చూస్తాను, వేడిగా ఉంటే కొస వదులైనట్టు. కల్లం రోజుల్లో అయితే ప్రతి పది రోజులకు రేడియేటర్ వెనక నుంచి నీళ్లు కొట్టడం మా అక్క కొడుకు పని. రెక్కలు కొంచెం అరిగిన పాత నేరు ఫ్యాన్ ఒకటి భాయ్ ఊరికే ఇచ్చినాడు. దాన్నీ, నాలుగు పొడుగు బోల్టులనూ గోనె సంచిలో చుట్టి సీటు కింద పెట్టుకుని తిరుగుతున్నాం. ఎక్కడైనా కరెంటు మొత్తం పోతే రేకు పెట్టె విప్పేసి అది బిగించుకుని ఇంటికి రావొచ్చు. విప్పి బిగించడానికి నలభై నిమిషాలు పడుతుంది, వీడియో చివర్లో గడియారం పెట్టి చేసి చూపించినాను.